సగంలో ఆగిన గొంతు

బస్టాండు మైకు గది కుర్చీలో కూర్చోగానే మైకక్క చేసే మొదటి పని మెడకు కట్టుకున్న నూలుగుడ్డను సర్దుకోవడం. గొంతు ఆపరేషను అయ్యాక ఆమె ఊపిరి ముక్కులోంచి రాదు. మెడ ముందున్న చిన్న రంధ్రంలోంచే వస్తుంది, పోతుంది. బస్టాండు దుమ్మూ పొగా అందులోకి పోకుండా గుడ్డను కాస్త తడిపి కట్టుకుంటుంది. రెండో పని కీబోర్డు మీది దుమ్ము దులపడం. నోటితో ఊదలేదు కాబట్టి సొరుగులో చిన్న కుంచె ఒకటి పెట్టుకుంది. ఒక్కొక్క మీటనూ దాంతో తుడిచి అప్పుడు తలెత్తి అద్దంలోంచి ప్లాట్‌ఫారాల వైపు చూస్తుంది.

కంప్యూటరు తెర నల్లగా ఉంటుంది. దాని మీద తెల్లటి అక్షరాలతో ప్రోగ్రాము ఒక్కో ప్రశ్న అడుగుతుంది. ఏ ఊరు బస్సు అంటుంది, ఆమె కొడుతుంది. ఏ ప్లాట్‌ఫారం అంటుంది, కొడుతుంది. చెప్పనా అంటుంది. ఎంటర్ నొక్కితే బస్టాండంతా ఆమె గొంతే మోగుతుంది. అవును, ఆమె సొంత గొంతే. ఆపరేషనుకు ముందు తమ్ముడు ఆమెను ఈ గదిలోనే కూర్చోబెట్టి, తలుపు కింద గోనెసంచులు కుక్కి, ఊళ్ల పేర్లూ అంకెలూ ఒక్కొక్కటే చెప్పించి ఈ డబ్బాలో దాచాడు. ఆ ముక్కలన్నిటినీ అతికించి పలికే ప్రోగ్రాము కూడా తనే రాశాడు. దానికి పేరేం పెట్టాలిరా అంటే, "ఇంకేం పేరు, అక్క" అని అదే పెట్టాడు. తెర మీద అక్క అని ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే ప్రోగ్రాము మొదలవుతుంది.

ఆ సాయంత్రం రేవు బస్సు రెండో ప్లాట్‌ఫారం మీదికి వచ్చి ఆగింది. డ్రైవరు దిగి టీ తాగడానికి పోయాడు. మైకక్క ఊరు కొట్టింది, ప్లాట్‌ఫారం కొట్టింది, ఎంటర్ నొక్కింది.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. రేవుకు వెళ్లవలసిన బస్సు మూడవ..."

మూడవ అన్న మాట చెవిన పడగానే ఆమె మీటల వైపు చూసింది. రెండుకు బదులు పక్కమీట తగిలింది. ఇలాంటప్పుడు ఇదివరకు పూర్తిగా చెప్పనిచ్చి, వెనకే సరైనది ఇంకోసారి చెప్పించేది. కానీ మొన్న టికెట్ల గదిలో నోటీసు టైపు చేస్తుంటే గుమాస్తా ఒక చిట్కా నేర్పాడు. "తప్పు పడిందంటే కంట్రోలూ జెడ్డూ కలిపి నొక్కు మైకక్కా. జరిగింది జరగనట్టే మాయమైపోద్ది. నేను రోజూ నా తప్పులన్నీ అట్టానే కడుక్కుంటా" అన్నాడు. అక్కడ నిజంగానే తప్పు అక్షరం మాయమైంది. ఆ తీపి ఇంకా వేళ్లలో ఉంది. ఆలోచించకుండానే రెండు మీటలూ కలిపి నొక్కింది.

గొంతు ఆగిపోయింది. మూడవ అన్నచోటే, కత్తిరించినట్టు.

తెర మీద ఇంగ్లీషులో ఏదో ఒక ముక్క వచ్చింది. దాని పక్కన అక్క అని ఉంది. కింద ఖాళీ గీత. ప్రశ్నలేవీ లేవు. ఆమె మళ్లీ అక్క అని కొట్టింది. ఏ ఊరు అని అడిగింది. హమ్మయ్య అనుకుని, ఈసారి మీట మీద వేలు పెట్టి చూసుకుని మరీ రెండు కొట్టి ఎంటర్ నొక్కింది. గొంతు లేదు. ఇంగ్లీషులో ఇంకో ముక్క వచ్చింది. గాభరాలో మళ్లీ కంట్రోలూ జెడ్డూ నొక్కింది. మళ్లీ అక్క అని కొట్టింది. మళ్లీ అదే.

గోడకున్న చిన్న కిటికీ మీద గోటితో టకటక కొట్టింది. అవతలి టికెట్ల గదిలోంచి గుమాస్తా తల దూర్చాడు. తెర వైపు వేలు చూపింది.

"ఏమంటోందీ... డివైస్ బిజీ. బిజీ అంటోంది మైకక్కా. ఇంత సాయంత్రం పూట ఎవరితో బిజీయో మరి" అని నవ్వి, ఆమె మొహం చూసి నవ్వు ఆపాడు.

ఈలోపు రేవు బస్సు కదిలింది. మూడో ప్లాట్‌ఫారం దగ్గర మూట పక్కన పెట్టుకుని నిలబడిన ముసలావిడ ఒకామె ఆ కదలడం చూసి, ఎవర్నో అడిగి, మూట ఎత్తుకుని పరుగులాంటి నడక నడిచింది. మైకక్క అద్దం మీద రెండు చేతులతో బాదింది. బస్టాండు రొదలో ఆ చప్పుడు ఎవరికి కావాలి? బస్సు గేటు దాటింది. ముసలావిడ మూట దింపి దాని మీదే కూలబడింది.

సూపర్‌వైజరు ఆవిణ్ణి వెంటబెట్టుకుని గది గుమ్మంలోకి వచ్చాడు. వెనక నలుగురు చూడటానికి వచ్చారు.

"మూడో ప్లాట్‌ఫారం అని ఈమె గొంతే చెప్పిందంట. ఆ తర్వాత దించిన తల ఎత్తలేదంట. ఏమ్మా, ఏం చేస్తున్నారు మీరు లోపల?"

మైకక్క పలక అందుకుంది. సుద్దముక్క చేతిలోనే విరిగింది.

"రాతలొద్దమ్మా. ఈవిడకి ఏం చెప్పమంటారు? ఆసుపత్రిలో మనవరాలు ఉందంట. పొద్దున్నదాకా బస్సు లేదు."

"పోనీలే బాబూ, ఆయమ్మ మాత్రం కావాలని చేసిందా" అంది ముసలావిడే.

కిటికీలో గుమాస్తా మొహం ఉంది. మైకక్క అతని వైపు చూసింది. అతను టికెట్ల కట్ట విప్పి, లెక్క తప్పినవాడిలా మళ్లీ మొదటినుంచి లెక్కబెట్టుకోసాగాడు.

మర్నాడు ప్రకటనలన్నీ గుమాస్తానే మైకులో చదివాడు. టికెట్లు చించుతూనే మధ్యలో తల తిప్పి మైకులో అరిచేవాడు. రెండో ప్లాట్‌ఫారం అనబోయి దగ్గితే జనం నవ్వారు. అతనూ మైకులోనే నవ్వాడు. మైకక్కకు చేయడానికి పనేం లేదు. అయినా వేళకు వచ్చింది, గుడ్డ తడిపి కట్టుకుంది, కీబోర్డు దులిపింది. మీటలు నొక్కలేదు. తమ్ముడు ఎప్పుడూ ఒకమాట చెప్పేవాడు. "ఏమైనా చెయ్యి కానీ వైరు మాత్రం పీకొద్దక్కా. దీని డిస్కు ముసలిదైపోయింది. తిరుగుతున్నంతసేపే తిరుగుతుంది, ఒకసారి ఆగిందంటే మళ్లీ లేస్తుందని నేను చెప్పలేను." కాపీ తీసిపెడతా, తీసిపెడతా అంటూనే వాడు సెల్ టవర్ల పనిమీద ఊళ్లు పట్టుకు తిరుగుతున్నాడు. ఆ డబ్బాలో తప్ప ఆమె గొంతు భూమ్మీద ఇంకెక్కడా లేదు.

మధ్యాహ్నం సూపర్‌వైజరు వచ్చాడు. నిన్నటి కోపం లేదు, అందుకే ఆమెకు ఎక్కువ భయం వేసింది.

"కూర్చోండమ్మా. మీతో ఒక విషయం చెప్పాలి. కొత్త సిస్టం వస్తోంది. బస్సు గేట్లోకి రాగానే దానంతట అదే చెప్పేస్తుందంట. ఎవరో అమ్మాయి గొంతు, బానే ఉంది, నేను విన్నాను. మీ ఉద్యోగానికేం భయం లేదు. పార్సిళ్ల గదిలో చీటీలు అంటించే పని ఉంది. ఈ డబ్బా ఎలాగూ మూగబోయింది కదా, ఎల్లుండి ఎలక్ట్రీషియన్ వచ్చి తీసేస్తాడు."

మైకక్క పలక మీద రాసింది. *తమ్ముడు వచ్చేదాకా ఆగండి.*

"ఎప్పుడొస్తాడు?"

ఆమె సుద్దముక్క ఎత్తి అలాగే పట్టుకుంది. ఎప్పుడొస్తాడో ఆమెకే తెలియదు.

అతను వెళ్లాక లేచి, టేబులు కిందికి వంగి చూసింది. గోడలో స్విచ్చు, దాన్లోంచి నల్లటి వైరు. కుర్చీని జరిపి ఆ గోడకు ఆనించింది. ఇప్పుడు కూర్చుంటే అద్దం సగమే కనబడుతుంది, తెర అసలు సూటిగా లేదు, కానీ స్విచ్చు తన మోకాలి వెనక ఉంటుంది. సాయంత్రం దాకా అలాగే కూర్చుంది.

"అదేంటక్కా, వాస్తు మార్చావా?" అన్నాడు గుమాస్తా కిటికీలోంచి. ఆమె తల తిప్పలేదు. కాసేపాగి ఒక టీ గ్లాసు కిటికీలో పెట్టి వెళ్లాడు. టీ చల్లారిపోయింది.

ఇంట్లో కూతురు ఫోను చెవికి ఆనించుకుని గది ఈ మూలనుంచి ఆ మూలకు తిరుగుతోంది. పైతరగతి పరీక్షకు చదువుకుంటున్న పిల్ల. పుస్తకం మంచం మీద బోర్లా పడి ఉంది.

"మావయ్య ఫోను అందట్లేదు. కొండ అవతల ఉన్నాడేమో. మెసేజి పెడతా. ఏమని పెట్టను?"

మైకక్క పెదాలు కదిపింది. కూతురు ఆ పెదాలనే చూస్తూ పైకి చదివింది. "గొంతు... ఆగింది. వెంటనే రా. అంతేనా? గొంతు ఆగింది అంటే ఇంకేదో అనుకుని హడలిపోతాడు. మిషను ఆగిందని పెడతా."

మైకక్క వద్దన్నట్టు తల ఊపింది. మళ్లీ అవే పెదాలు కదిపింది.

"సరే. గొంతు ఆగింది." కూతురు టైపు చేసి ఫోను మంచం మీదికి విసిరింది. "నాకో సంగతి చెప్పు. ఆ డబ్బా పోతే నీకేం? ఉద్యోగం ఉంటుందన్నారుగా. ఊళ్లోవాళ్లందరికీ బస్సులు చెప్పే గొంతు, మనింట్లో ఒక్కరోజైనా పలికిందా?"

మైకక్క వంటగదిలోకి పోయింది. రొట్టెలు ఒత్తుతుంటే కర్ర కింద పిండి పదేపదే ఒకవైపుకే సాగింది. తినడానికి పిలవాలంటే ఆమె పళ్లెం మీద గరిటెతో రెండుసార్లు కొడుతుంది. కొట్టింది. కూతురు వచ్చి ఎదురుగా కూర్చుని, తలొంచుకుని తిని లేచింది. చెయ్యి కడుక్కుని పోతూ పోతూ తల్లి మెడ వెనక గుడ్డముడి వదులైతే బిగించి కట్టింది.

ఎలక్ట్రీషియన్ వచ్చిన రోజు మైకక్క అందరికంటే ముందే వచ్చి కూర్చుంది. అతను సంచి దింపి, టేబులు కిందికి తల పెట్టి, మళ్లీ బయటికి తీశాడు.

"అమ్మా, కాలు కాస్త తియ్యండి."

ఆమె తియ్యలేదు.

"నాకు ఇంకా రెండు చోట్ల పనుందమ్మా. లైటు చెడినా ఫ్యాను చెడినా నన్నే తిడతారు. మీరూ ఇట్టా చేస్తే ఎలా?"

సూపర్‌వైజరు వచ్చాడు. "లేవండమ్మా. నలుగురిలో బాగుండదు." ఆమె కుర్చీ చేతులు రెండూ పట్టుకుంది. మెడ దగ్గర గుడ్డ గబగబా ఎగసి పడుతోంది. అరవగలిగినవాళ్లకు కోపం ఒక నిమిషంలో దిగిపోతుంది. ఆమెకు ఆ కోపమంతా ఆ చిన్న రంధ్రంలోంచే, ఊపిరితో కలిసి, చప్పుడు లేకుండా పోవాలి.

అప్పుడు గుమ్మంలో తమ్ముడు కనబడ్డాడు. బూట్లకు ఎర్రమట్టి, వీపున సంచి, గడ్డం మాసిపోయి ఉంది.

"గొంతు ఆగిందని పెడతారా ఎవరైనా? ఆసుపత్రికి పోయి, అక్కడ లేవని తెలిసి ఇటొచ్చా" అన్నాడు. అని, ఆమె కుర్చీ ఎక్కడుందో, కాలు ఎక్కడుందో చూశాడు. గొంతు తగ్గించి, "కాలు తియ్యకక్కా. అలాగే కూర్చో" అని కీబోర్డును తన వైపు లాక్కున్నాడు.

నిలబడే ఒక మాట కొట్టాడు. తెర మీద వరసగా గీతలు వచ్చాయి. ప్రతి గీతలోనూ ఒకటే, ఆగి ఉంది, అక్క. ఆగి ఉంది, అక్క. ఆగి ఉంది, అక్క.

"ఓరి నాయనో. ఎంతమంది అక్కలు నిద్రపోతున్నారే దీన్లో" అన్నాడు తమ్ముడు. "ఇది చావలేదు. నువ్వు మధ్యలో జోకొట్టేశావు, అంతే. ఎక్కడిదాకా చెప్పిందో అక్కడే ఆగిపోయి, నువ్వు లేపుతావని చూస్తోంది. స్పీకరేమో ఆ మొదటిదాని గుప్పిట్లో ఉంది. నిద్రలోనూ వదలదు. తర్వాత వచ్చినవాటికి ఇంకెక్కడ దొరుకుతుంది?"

దాన్ని లేపడానికి ఎఫ్, జి అని రెండక్షరాలు కొట్టి, మొదటిదాని అంకె పెట్టి, ఎంటర్ నొక్కాడు.

"...ప్లాట్‌ఫారం నుండి బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది."

బస్టాండంతా మోగింది. ఆ రోజు సాయంత్రం సగంలో ఆగిన మాట, మధ్యలో ఏమీ జరగనట్టు, అదే ఊపిరిలో ముగిసింది. బెంచీల మీద ఇద్దరు ముగ్గురు లేచి నిలబడి, ఏ బస్సు, ఏ ప్లాట్‌ఫారం అని ఒకరినొకరు అడిగారు. మైకక్క చెయ్యి తెలియకుండానే తన మెడ మీదికి పోయింది. ఆ గొంతు బయట ఎక్కడో పలికితే, ఇక్కడ, గుడ్డ కింద, ఏదైనా కదులుతుందేమోనని చూసుకునే అలవాటు ఆమెకు ఇంకా పోలేదు.

"కంట్రోల్ జెడ్ నొక్కితే ఇలా అవుతుంది" అన్నాడు తమ్ముడు. "నేనెప్పుడూ చెప్పలేదే నీకు. ఎవరు నొక్కమన్నారు?"

కిటికీలో గుమాస్తా టికెట్ల కట్ట పట్టుకుని నిలబడి ఉన్నాడు. సూపర్‌వైజరు కూడా ఆమె వైపే చూస్తున్నాడు. ఒక్క వేలు ఎత్తితే చాలు, గొంతు అక్కర్లేదు. మైకక్క వేలు ఎత్తింది. తన గుండె మీద పెట్టుకుంది. నేనే.

గుమాస్తా తల కిటికీలోంచి మాయమైంది. టికెట్ల కోసం అవతల ఎవరో "ఏమండీ, ఏమండీ" అని పిలుస్తూనే ఉన్నారు.

సూపర్‌వైజరు గొంతు సవరించుకున్నాడు. "బాగైంది, సంతోషం. కానీ రేపు కంపెనీవాళ్లు వస్తున్నారు బాబూ. సంతకాలన్నీ అయిపోయాయి. నేను కోరి తెచ్చుకున్నది కాదు. కావలసింది మీరు తీసుకోండి, ఈ పూటకి వైరు పీకించను." ఎలక్ట్రీషియన్‌ను తీసుకుని వెళ్లిపోయాడు.

మైకక్క అప్పుడు కాలు తీసింది. తిమ్మిరెక్కి కాసేపు నేల మీద ఆనలేదు.

తమ్ముడు తన లాప్‌టాప్ తెచ్చి వైరు తగిలించి అన్నీ అందులోకి ఎక్కిస్తున్నంతసేపూ ఆమె పలక ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చివరికి రాసి చూపింది. *మన పేర్లు ఉన్నాయా?*

"ఎవరి పేర్లు?"

*అమ్మాయి పేరు.*

తమ్ముడు తెర వైపే చూస్తూ అన్నాడు. "ఊళ్ల పేర్లేనక్కా. అవే కదా చెప్పించింది."

ఆమె తుడిచి మళ్లీ రాసింది. *మధ్యలో మాట్లాడుకున్నాం కదా. అమ్మాయి బడినుంచి వచ్చింది. లోపలికి రావద్దని కేకేశాను. పేరు పెట్టి.*

 పలక అతని కళ్లముందే పట్టుకుంది, చెయ్యి నొప్పి పుట్టేదాకా.

"కోసేశాను" అన్నాడు. "దగ్గులూ, మాటలూ, కుర్చీ చప్పుళ్లూ, అన్నీ. దీన్లో చోటు తక్కువ. బస్సు మాటలు మాత్రం ఉంచి మిగతావన్నీ కోసేశాను. అప్పట్లో తోచలేదక్కా." మట్టిబూట్ల వైపు చూస్తూ కూర్చున్నాడు. మైకక్క పలక తుడిచింది. ఎప్పటికంటే ఎక్కువసేపు తుడిచింది.

మర్నాడు బస్టాండులో కొత్త గొంతు పలికింది. చక్కటి గొంతు, తప్పుల్లేవు. మైకక్క పార్సిళ్ల గదిలో చీటీలకు జిగురు రాసి అంటించింది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి లాప్‌టాప్ వంటింటి బల్ల మీద ఉంది. దాని ముందు తమ్ముడూ కూతురూ.

"రా అమ్మా, మావయ్య బస్సులన్నీ మనింటికే తెచ్చాడు" అంది కూతురు. ఏదో కొట్టి ఎంటర్ నొక్కింది.

"రేవుకు వెళ్లవలసిన బస్సు రెండవ ప్లాట్‌ఫారం నుండి బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది."

ఆ చిన్న వంటింట్లో, గిన్నెల మధ్య, ఆ గొంతు ఎంత దగ్గరగా ఉందంటే ముగ్గురూ ఒక్క క్షణం కదల్లేదు.

"మొదటి ప్లాట్‌ఫారం పొయ్యి, రెండోది మంచం" అన్నాడు తమ్ముడు, ముందుగా తేరుకుని. "ఆలస్యము అనే మాట కూడా ఉంది. ఇకనుంచి మీ అమ్మ నిన్ను పొద్దున్నే లేపేది దీంతోనే."

"వంట ఎంతసేపు అని అడుగు మావయ్యా."

మైకక్క కూర్చుని, కొట్టి నొక్కింది. "అరగంట ఆలస్యముగా బయలుదేరును." కూతురు బల్ల మీద తల వాల్చి నవ్వింది. తమ్ముడు కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. మైకక్క భుజాలు ఊగాయి. ఆమె నవ్వు ఇప్పుడు అంతే, భుజాలదే.

నవ్వుతూ నవ్వుతూనే కూతురు అంది. "ఒక్కసారి నన్ను పిలువమ్మా దీంతో."

తమ్ముడి నవ్వు ఆగింది. మైకక్క మీటల మీద చేతులు పెట్టి ఉంచింది. కూతురు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. అడగవలసింది ఇంకేం లేదని తెలిసి, "సర్లే, చదువుకోవాలి నేను" అని లేచి, గుమ్మం దాటి బయటి మెట్ల మీద కూర్చుంది. పుస్తకం తీసుకుపోలేదు.

తమ్ముడు తను వెళ్లబోయాడు. మైకక్క అతని చొక్కా పట్టుకుని ఆపింది. చాలాసేపు తెర వైపు చూసింది. వరసగా ఉన్న ప్రకటనల్లో అడుగున ఒకటుంది. తప్పిపోయినవాళ్ల కోసం చెప్పేది. అందులో విజ్ఞప్తి అన్న తర్వాత రావలసిన పేరు ఉండదు. ఎవరు తప్పిపోతారో ముందుగా ఎవరికి తెలుసు? అందుకే దాన్ని ఎప్పుడూ వాడలేదు, గుమాస్తానే మైకులో అరిచేవాడు. మైకక్క దాని అంకె కొట్టి, ఎడమచేతి వేళ్లు కంట్రోలూ జెడ్డూ మీద సిద్ధంగా పెట్టుకుని, ఎంటర్ నొక్కింది.

"ప్రయాణికులకు విజ్ఞప్తి."

వెంటనే ఎడమచేతి వేళ్లతో నొక్కింది. గొంతు ఆగింది. తెర మీద ఆగి ఉంది అన్న గీత వచ్చింది.

మెట్ల మీద కూతురు తల తిప్పింది. ఇంట్లోంచి తర్వాతి మాట వస్తుందని చూసింది. రాలేదు. గుమ్మంలోంచి తల్లి కనబడుతోంది, మీటల మీద చేతులు, కళ్లు మాత్రం తన మీద. ఎదురింట్లో ఎవరో బిందె దింపిన చప్పుడైంది. అమ్మ ఎందుకు ఆగిందో, ఆ ఖాళీ ఎంతదో, అందులో ఏం పట్టాలో ఆ పిల్లకు కాసేపటికి అర్థమైంది. మోకాళ్ల మీదికి వంగి, తన పేరు తనే పలికింది. మెల్లగా, గొంతు ఉన్నప్పుడు అమ్మ పిలిచినట్టు, చివరన కాస్త సాగదీసి.

మైకక్క ఎఫ్, జి కొట్టింది.

"ఎక్కడ ఉన్నను వెంటనే విచారణ గది వద్దకు రావలెను. మీవారు ఇక్కడ మీకొరకు ఎదురుచూచుచున్నారు."

పిల్ల లేచి లోపలికి వచ్చింది.